కన్నం పేపరు

ఈమధ్య మా పేపరువాళ్ళు లోపలి పేజీలో వచ్చే మూడు గళ్ళ బొమ్మని ఆపేశారు. చెప్పాపెట్టకుండా. పొద్దున్నే పేపరు విప్పితే, రోజూ ఆ బక్కాయనా ఆయన మేకా ఉండే చోట చెవి మిషను ప్రకటన ఉంది. ఎవరో ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ చేసి నాలుగు దులుపుదామనుకున్నాను. చేస్తే "అది ఎవరూ చదవడం లేదండి" అంటారు. మా వీధి మటుకు చూసుకుంటే అది నిజమే. చదివే ఒక్క మనిషీ పోయిన కార్తీకంలో వెళ్ళిపోయారు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయన మొహమాటపడతారు. పోయినా సరే, పడతారు. మలికిపురం బజారులో మా ఇంటికి ఎదురుగా ఆయన టైలరింగ్ కొట్టు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఆయన నాకు 'బాబాయి గారు'. నేను ఆయనకి 'టీచర్ గారు'. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, ఆయన శనివారాలు వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్ళేవారు. ఈ వరసలు మా వైపు అలా కలిసిపోతాయి. ఎవరూ కలపక్కర్లేదు.

పొట్టి మనిషి. మెడలో టేపు, పెదాల మధ్య నాలుగు గుండుసూదులు. ఆ సూదుల వల్ల ఆయన నోటితో నవ్వగా నేను చూసింది తక్కువ. ముక్కుతో నవ్వేవారు, భుజాలతో నవ్వేవారు. మరీ ఆగకపోతే ముందు రెండు చేతులూ గడ్డం కింద దోసిలిపట్టి, అప్పుడు నవ్వేవారు. సూదులు చేతుల్లో రాలేవి. కొట్టుకి జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆయన దోసిలి పట్టగానే "ఇవాళ మేక ఏం చేసిందండీ?" అని అడిగేవారు.

ఆ బొమ్మలో ఉండేది ఓ బక్కాయన, ఆయన పెంచుకునే మేక. మేక కనపడ్డవన్నీ తింటుంది. గొడుగు తింటుంది, పంచె చెంగు తింటుంది, పెళ్ళి శుభలేఖలు తింటుంది. అంతే కథ. మొదటి గడిలో బక్కాయన ఏదో చేస్తుంటాడు, రెండో గడిలో మేక చూస్తుంటుంది, మూడో గడిలో అయిపోతుంది. లెక్కల టీచర్ని కదా, రెండో గడి దగ్గరే నాకు జవాబు తెలిసిపోయేది. ఆ మాట ఆయనతో అన్నాను ఒకసారి.

"తెలిసిపోయినా చూడాలండి. అన్నం ఎలా ఉంటుందో తెలుసని మానేస్తామా అండీ?" అన్నారు.

చూడటానికి ఆయనకో పద్ధతి ఉంది. మిగతా లోకమంతా పేపరు చదివాక కత్తిరిస్తుంది. ఆయన కత్తిరించాక చదివేవారు. ఏడింటికి కొట్టు షట్టరెత్తి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, పేపరు తీసి తిన్నగా ఆ పేజీకి వెళ్ళి, బట్టలు కత్తిరించే పెద్ద కత్తెరతో మూడు గళ్ళ ముక్కనీ చుట్టూ తెల్ల అంచు కూడా వదలకుండా తీసేసేవారు. దాన్ని కత్తిరింపు బల్ల మీది గాజుపలక కింద పెట్టి, రెండో గడి మీదా మూడో గడి మీదా టేపు చుట్ట పెట్టేవారు. కాఫీ తాగాక మొదటి గడి. పది గంటలకి, ఓ రెండు జాకెట్లు కత్తిరించాక రెండో గడి. మూడోది మధ్యాహ్నం భోజనమయ్యాకే. అప్పటిదాకా ఎవరు టేపు కదిపినా ఊరుకునేవారు కాదు. అంత మెత్తని మనిషి, దాని విషయంలో మాత్రం "ఉండండి ఉండండి" అని చెయ్యి అడ్డం పెట్టేవారు.

ఆ కన్నం పడ్డ పేపరు మా వీధి మొత్తానికి పేపరు. అయిదారుగురం వంతులవారీగా చదివేవాళ్ళం. నాకు పది గంటలకి వచ్చేది. మా ఇళ్ళల్లో అందరమూ దాన్ని 'కన్నం పేపరు' అనేవాళ్ళం. సొంతంగా తెప్పించుకోలేక కాదు. ఎదురుగా ఒకటి వస్తుండగా ఇంకోటి తెప్పిస్తే ఆయన నొచ్చుకుంటారని. ఇలాంటి మొహమాటాలతోనే మా వైపు సగం బతుకులు నడుస్తాయి. నడవకుండా కూడా పోతాయి.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ పేజీకి వెనకపక్క వచ్చేవి శ్రద్ధాంజలి ప్రకటనలు. పోయినవాళ్ళ ఫోటోలు, పెద్దకర్మ ఎప్పుడు, ఎక్కడ. బొమ్మ కత్తిరిస్తే దాని వెనకున్న వాళ్ళు దానితోపాటు వెళ్ళిపోయేవారు. ఒక్కోసారి ఓ నుదురూ బొట్టూ మిగిలేది, ఒక్కోసారి మీసాల కిందనుంచి మిగిలేది. నేను ఆ కన్నంలోంచి ఆయన వంక చూసి, "బాబాయి గారూ, ఇవాళ ఎవరు పోయేరో మాకు తెలీడం లేదండి" అని ఆటపట్టించేదాన్ని.

"పోయినవాళ్ళు ఎక్కడికీ వెళ్ళరు టీచర్ గారూ. తరవాతైనా తెలుస్తుంది. ఇవాళ్టి బొమ్మ రేపు రాదు కదండీ" అనేవారు.

ఆయన ఆ ముక్కని ఎప్పుడూ తిరగేసి చూసేవారు కాదు. ఊరికే చూడకపోవడం కాదు, చూడకూడదన్నట్టు ఉండేవారు. కొట్టు కట్టేముందు దాన్ని పెద్ద నోటుబుక్కులో అంటించేవారు. మధ్యాహ్నం అన్నంలోంచి నాలుగు మెతుకులు దాచుకుని, వాటిని పేజీ మీద మెదిపి, పైన బొమ్మ పెట్టి అరచేత్తో ఒత్తేవారు. ఎవరైనా కాగితం వెనక రాస్తారు మెతుకు. ఈయన పేజీకి రాసేవారు. పక్కన తారీఖు. నచ్చితే గుడ్డ మీద గీసే ఎర్ర సుద్దతో ఓ చుక్క.

"తిరగేస్తే ఏమవుతుందండీ?" అన్నాను.

"పొద్దున్నే చావులెందుకండీ. మనకున్నవి చాలవా" అన్నారు. సూదులు తీసి మరీ అన్నారు.

ఆ నోటుబుక్కులు ఎవరి కోసమో నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఓ వానాకాలం మధ్యాహ్నం కరెంటు లేదు, పనీ లేదు. ఇద్దరం కొట్టు గుమ్మంలో కూర్చుని కొబ్బరికాయల లారీ బురదలో దిగబడితే చూస్తున్నాం. ఆయనే మొదలుపెట్టారు. వాళ్ళది ఏటి మధ్య లంక ఊరు. చిన్నప్పుడు పేపరు గోదావరి అవతలనుంచి పంటు మీద వచ్చేదట. ఆయనా చెల్లెలూ రేవులో కాచుకుని కూర్చునేవారు. కట్ట విప్పగానే కొబ్బరి వర్తకుడి పేపరు తీసుకుని ఆయన ఇంటికి చేర్చే పని ఈ ఇద్దరిదీ. దారిలో గట్టు మీద కూర్చుని బొమ్మ చూసుకోవడం వాళ్ళ జీతం. అప్పటి బొమ్మ వేరు. అందులో ఓ కోతి, ఓ పోలీసు.

"మా చెల్లి మూడో గడి మీద చెయ్యి కప్పేసేదండి. నేను రెండూ చదివేదాకా తియ్యదు. నేను నవ్వితే అప్పుడు తీసేది. కోతి మాటలు అదే చదవాలి, గొంతు మార్చి. పోలీసు మాటలు నావి. ఇప్పటికీ చదువుతుంటే కోతి మాటలు దాని గొంతుతోనే వినపడతాయండి. ఇప్పుడది మేకనుకోండి."

"ఎక్కడున్నారండీ ఆవిడ?"

"ఖరగ్‌పూర్‌లో. మా బావగారిది రైల్వే. అక్కడికి ఈ జిల్లా పేజీలు రావు కదండీ. వచ్చేక ఇద్దామని అంటిస్తన్నాను."

ఎప్పుడొస్తారని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. అప్పుడు చెప్పారు. వాళ్ళమ్మ పోయింది శ్రావణంలో, వరద రోజుల్లో. ఖరగ్‌పూర్‌కి కబురు వెళ్ళింది, చెల్లెలు రైలెక్కింది. ఈలోగా ఏటిగట్టు మీద పెద్దలు, సాయంత్రానికి శ్మశానం మునిగిపోతుంది, ఇక ఆపితే కాష్ఠానికి చోటుండదన్నారు. ఈయన ఆపలేదు. మర్నాడు పొద్దున్న ఆవిడ పడవ దిగేసరికి తల్లిని కాల్చిన చోట నీళ్ళు పారుతున్నాయి.

"'ఒక్క పూట ఆపలేకపోయేవా అన్నయ్యా' అందండి. 'వరద వస్తోందమ్మా' అన్నాను. అంతే. మంచినీళ్ళు కూడా ముట్టకుండా అదే పడవలో వెళ్ళిపోయింది."

తరవాత ఈయన రాసిన ఉత్తరాలకి జవాబు రాలేదు. కొన్నేళ్ళకి క్వార్టర్స్ మారారని ఉత్తరాలే తిరిగొచ్చాయి. పెళ్ళి చేసుకోని మనిషి. ఆవిడ తప్ప నా అన్నవాళ్ళు లేరు. వాడపల్లికి ఏడు శనివారాలు మొక్కు అంటారు కదా, ఆయన అలాంటి ఏడులు ఎన్ని తిరిగారో లెక్క లేదు. ఏం మొక్కుకుంటారని అడిగితే, "అది రావాలండి. లేకపోతే నాకు వెళ్ళే ధైర్యం రావాలండి" అన్నారు.

"ధైర్యమెందుకండీ, రైలెక్కితే సరి. అక్కడ రైల్వేవాళ్ళనడిగితే ఇల్లు చెప్పరా? నేను టిక్కెట్టు తీయిస్తాను" అన్నాను.

"ఆయ్, తీయిద్దురుగానండి" అన్నారు. లారీ వంకే చూస్తూ, "పిలవకుండా ఎలా వెళ్తామండీ?" అన్నారు.

నాకు కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది. ఇంత పిరికి మనిషిని నేను చూడలేదు. కానీ నేనూ ఏం చేశాను? ఆ తరవాత మళ్ళీ ఎత్తలేదు. ఎత్తితే బాధపడతారని. ఆయన బొమ్మలు అంటిస్తూ పోయారు, నేను కన్నం పేపరు చదువుతూ పోయాను. మేక తింటూ పోయింది.

పోయిన కార్తీకంలో ఓ ఉదయం షట్టరు సగం ఎత్తి, అక్కడే కూలబడిపోయారు. అమలాపురం తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయింది. ఎవరో వరసకి మనవడయ్యేవాడు కర్మ చేశాడు. ఆ రోజు పేపరు కొట్టు గుమ్మంలోనే మడత విప్పకుండా పడుంది. మర్నాడు కన్నం లేని పేపరు నా చేతికొస్తే ఎటు తిప్పాలో తెలియలేదు. వీధివాళ్ళం కలిసి ఆయన ఫోటోతో చిన్న ప్రకటన వేయించాం, ఆయన ఎప్పుడూ తిరగేసి చూడని ఆ పేజీలోనే. కొట్టు ఖాళీ చేసేటప్పుడు నోటుబుక్కులు పారెయ్యబోతుంటే నేను తెచ్చుకున్నాను. ఇరవై రెండు.

తరవాత పది రోజులకి ఒకామె కొట్టు ముందు ఆటో దిగి, మూసిన షట్టరు వంక చూస్తూ నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. లోపలికి పిలిచాను. మంచినీళ్ళు తాగి, కాస్త బెంగాలీ యాస కలిసిన తెలుగులో, తను ఆయన మేనకోడలినని చెప్పింది. కాకినాడలో ఉన్న వాళ్ళ బాబాయి మేం వేయించిన ప్రకటన చూసి ఫోన్లో పంపించాడట.

"అమ్మ రాలేదా తల్లీ?" అన్నాను.

ఆమె నా మొహంలోకి అదోలా చూసింది. "అమ్మ పోయి ఆరేళ్ళయిందండి. మామయ్య మీకు చెప్పలేదా?"

లేదన్నట్టు తలూపాను. ఆమె గొంతు గట్టిపడింది. "ఆయనకి తెలుసండి. పేపర్లో వేయించాం. ఇక్కడి పేపర్లోనే. అమ్మ ఎప్పుడూ చెప్పేది, మా అన్నయ్య అన్నం మానేసినా పేపర్లో బొమ్మ మానడు అని. మామయ్య కొట్టు పాత ఫోన్ నంబరు పని చెయ్యలేదు, ఉత్తరం పెద్దకర్మలోపు చేరదనుకున్నాం. మనిషిని పంపిద్దామంటే నాన్న వద్దన్నారు. బలవంతపెట్టినట్టుంటుంది, కబురు తెలిసేలా చేద్దాం, మనసుంటే వస్తాడు అన్నారు. బొమ్మ ఉండే పేజీలో వేయించమని బాబాయికి మరీ మరీ చెప్పేరు. పేపరువాళ్ళు అక్కడ వెయ్యం అన్నారట. దాని వెనక పేజీలో వేస్తాం, అదే కాగితం కదా అన్నారట."

నేను బీరువా మీది నోటుబుక్కుల వంక చూశాను.

"పెద్దకర్మకి పుట్టింటి బట్టలు పెట్టాలి కదండీ" అంది ఆమె. "మామయ్య కోసం పీట వేసి ఉంచేం. మధ్యాహ్నం మూడింటిదాకా ఎవర్నీ భోజనానికి లేవనివ్వలేదు నాన్న. రాలేదు. ఆ పీట నేనే తీసేను. అప్పటినుంచీ ఆయన పేరెత్తితే నాకు అసహ్యమండి. ఇప్పుడు కూడా ఎందుకొచ్చేనో తెలీదు."

మాలో పెద్దకర్మ ఉండదు, కూడిక పెట్టి ప్రార్థన చేసుకుంటాం. అయినా పుట్టింటి చీర రాకుండా వెళ్ళిపోవడం అంటే ఏమిటో ఈ ఊళ్ళో పుట్టినదాన్ని, నాకు తెలుసు. ప్రకటన ఏ తారీఖున పడిందని అడిగాను. ఫోన్లో చూసి చెప్పింది. పదిహేడో నోటుబుక్కు తీశాను. పేజీలు తిప్పుకుంటూ వెళ్ళాను. ఆ తారీఖు ఉంది. మూడు గళ్ళు ఉన్నాయి. వానాకాలం చెమ్మకి మెతుకులు ఎప్పుడో పట్టు వదిలేశాయి. అంచు కింద గోరు పెడితే ముక్క దానంతటదే లేచి వచ్చింది.

తిప్పాను.

చిన్న ఫోటో. తల నెరిసినావిడ. ఆయన కళ్ళే. మెతుకు అంటిన చోట గడ్డం దగ్గర కాస్త చెరిగింది. కింద రెండు వరసలు. ఆ పిల్ల ఫోటోనే చూస్తోంది. "ఏం రాశారో చదవండి. నాకు తెలుగు మాట్లాడ్డమే వచ్చండి, చదవడం రాదు" అంది. చదివాను. పేరు, ఊరు, పెద్దకర్మ రోజు. ఆఖర్న, మామూలు ప్రకటనల్లో ఉండని ఒక మాట ఉంది: అన్నగారు తప్పక రావలెను.

పిలిచారు. ఇన్నేళ్ళూ ఆయన ఎదురుచూసిన పిలుపు అది. దాన్ని ఆయనే తన కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, బోర్లా పెట్టి, అరచేత్తో ఒత్తి అంటించుకున్నారు. ఆ తరవాత ఆరేళ్ళు ఆవిడ కోసం బొమ్మలు అంటించారు. అయిదు నోటుబుక్కులు. ఆవిడ వస్తుందని వాడపల్లి వెళ్ళొచ్చారు.

"ఆయన చూళ్ళేదమ్మా" అన్నాను. "ఎప్పుడూ తిరగేసేవారు కాదు."

ఆమె ముక్కని నా చేతిలోంచి తీసుకుంది. తరవాత, "కోపంతో రాలేదనుకుంటే బావుండేదండి" అంది. "ఆరేళ్ళు తిట్టుకున్నాను. ఇప్పుడేం చెయ్యను?"

మా పాస్టరు గారు వింటే ఏదో వాక్యం చెప్పి ఉండేవారు. ఆయనకి చెప్పలేదు.

ముక్కని తిప్పి, ఇటువైపు ఏముందని అడిగింది. చదివి వినిపించాను. బక్కాయన కొత్త టోపీ కొనుక్కుంటాడు. మేక చూస్తుంది. బక్కాయన బోడి నెత్తి తడుముకుంటాడు. మూడు గళ్ళూ అయిపోయాయి. ఇద్దరం నవ్వలేదు. ఆయనకీ నవ్వు వచ్చినట్టు లేదు, పక్కన ఎర్ర చుక్క లేదు. కనీసం ఆ రోజు బొమ్మైనా బావుండాల్సింది.

నోటుబుక్కులన్నీ తీసుకెళ్ళమన్నాను. మీ అమ్మ కోసమే అంటించారని చెప్పాను. "చదివేవాళ్ళు ఎవరూ లేరండి మా ఇంట్లో. నాన్నకి చూపు పోయింది" అంది. ఆ ఒక్క ముక్కనీ చేతిసంచీలో కవరులో పెట్టుకుంది. రాజోలు బస్సు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాను. బస్సు కదిలేటప్పుడు, "మామయ్య ఎలా నవ్వేవారండి?" అని అడిగింది. దోసిలి పట్టి చూపించాను. చూసిందో లేదో తెలియదు.

నోటుబుక్కులు మా బీరువా మీద ఉన్నాయి. పదిహేడో దాంట్లో ఆ పేజీ మీద ఓ ఖాళీ, ఎండిపోయిన మెతుకుల మరకలు. నేనిప్పుడు సొంతంగా పేపరు తెప్పించుకుంటున్నాను. దానికి కన్నం లేదు. ముందుగా శ్రద్ధాంజలి పేజీ చూస్తాను, ప్రతి మొహమూ, ప్రతి పేరూ. ఎవరికి చెప్పాలని చూస్తానో నాకే తెలియదు.

ఆవిడ ప్రకటన పడ్డ ఆ రోజుని గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. ప్రత్యేకంగా ఏమీ గుర్తు రాదు. పది గంటలకి పేపరు నా చేతికి వచ్చే ఉంటుంది. కన్నంలోంచి ఆయన వంక చూసి, ఇవాళ ఎవరు పోయేరండీ బాబాయి గారూ అని అనే ఉంటాను. ఆయన భుజాలతో నవ్వే ఉంటారు.